మా చెరువుకి పడ్డ గండి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. కనుమ నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న ఉన్నట్టుండి, "ఏరా, ఒకసారి చెరువు చూసొద్దామా?" అన్నారు. వంటింట్లో గారెలపిండి రుబ్బుతున్న అమ్మ మిక్సీ ఆపేసింది. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది. కాసేపటికి అమ్మే తేరుకుని, "కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఇవాళ ఎక్కడికీ వద్దు" అంది. ముక్కనుమ నాడు వెళ్దామనుకున్నాం.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ పాత రొయ్యల చెరువు తలుచుకుంటే అప్పులే కాదు, దాని చుట్టూ ఉన్న మడ అడవి కూడా గుర్తొస్తుంది. అసలు నేను పుట్టి పెరిగింది ఆ అడవి పక్కనే.

మాది తాళ్ళరేవు దాటాక కోరంగి వైపు ఉండే చిన్న ఊరు. వెనకవీధి చివర గట్టు ఎక్కితే ఉప్పుటేరు, ఏరు దాటితే మడ. ఇక అక్కణ్ణించి సముద్రం దాకా అదే. సాయంత్రం పోటు వచ్చేటప్పుడు చెట్లు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉండేవి. పొద్దున ఆటులో చూస్తే నల్లటి బురద, ఆ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేల వేల వేర్లు పైకి పొడుచుకుని ఉండేవి. అవి ఊపిరివేర్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి మడచెట్టు వేరునే పైకి పంపి గాలి పీలుస్తుందని నాన్న చెప్పేవారు. ఆయన సోషల్ మాస్టారు, అయినా సైన్సు కూడా ఆయనే చెప్పేవారు, మా బళ్ళో అంతే. చెప్పుల్లేకుండా ఆ వేర్ల మీద నడిచినవాడికి మాత్రం ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు.

తెల్లమడ ఆకు తెంపి అడుగువైపు నాలుకతో నాకితే ఉప్పగా ఉంటుంది. ఎండ బాగా కాసిన రోజున ఆకు మీద ఉప్పు గింజలు కంటికే కనిపిస్తాయి. చెట్టు తాగిన ఉప్పుని ఆకుల్లోంచి అలా బయటికి నెట్టేస్తుంది. మేం పచ్చి మామిడికాయ ముక్కని ఆ ఆకుకి రాసుకుని తినేవాళ్ళం. నమ్మకపోతే మానేయండి. తిల్లచెట్టు జోలికి మాత్రం పోనిచ్చేవారు కాదు. దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందని పిల్లలందరికీ భయం పెట్టేవారు, అది నిజమే కూడా. రాలబోయే ముందు తిల్లాకు ఎర్రబడుతుంది. అంత పచ్చటి అడవిలో ఆ ఎరుపు కనిపిస్తే అటువైపు కట్టెలు ఏరేవాళ్ళు కాదు.

కట్టెలు, పాకలకి గుంజలు, గేదెలకి మేత, అన్నీ అక్కణ్ణించే. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. రెండు వందల ముప్ఫై అయిదు చదరపు కిలోమీటర్లు. అప్పట్నించీ ఫారెస్టు వాళ్ళతో ఊరివాళ్ళకి దోబూచులాటే. మా మామ్మ మాత్రం "మనం నరికితే ఎంత నరుకుతాం రా, పూర్వం వేలంలో అడవి కూపులు పాడుకుని పడవలకి పడవలు కొట్టుకుపోలేదా" అనేది. తెల్లమడ నరికినా మోడులోంచి మళ్ళీ చిగురు వస్తుంది. అది అందరూ చూసిందే, అందుకే దాన్ని నరకడం తప్పని ఎవరికీ తోచేది కాదు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద నాకు బాగా గుర్తు. నాకప్పుడు పన్నెండేళ్ళు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిందని రేడియోలో చెబుతుంటే నాన్న మొహం చూసి నాకు భయమేసింది. మా ఏరు ఎప్పుడూ ఉప్పునీళ్ళే కదా, ఆ వారం రోజులూ ఎర్రటి తియ్యటి నీళ్ళు పారాయి. గేదెలు గట్టు దిగి అవే తాగాయి. నీళ్ళు తీశాక ఏటి మొగల దగ్గర కొత్తగా ఒండ్రు తిప్పలు తేలాయి. మొదటి ఏడు వాటి మీద ఉప్పుగడ్డి తప్ప ఏం లేదు. ఆ గడ్డి బురదని పట్టి ఉంచింది. తర్వాత గడ్డి దుబ్బుల్లో చిక్కుకున్న గింజలు మొలిచి కళింగ, తెల్లమడ పిలకలు లేచాయి. నేను ఇంటర్‌కి కాకినాడ వెళ్ళేనాటికి ఆ తిప్ప మీద నా ఎత్తు చెట్లు ఉన్నాయి. ఊళ్ళకి ఊళ్ళు ముంచిన వరదే ఇక్కడ అడవికి కొత్త స్థలం ఇచ్చి పోయింది.

ఇక చెరువు సంగతి.

తొంభైల మొదట్లో మా వైపు రొయ్యల పిచ్చి ఎలా పట్టిందో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. వరి చేలు తవ్వేశారు, కొబ్బరితోటలు తవ్వేశారు. నిన్నటిదాకా సైకిల్ తొక్కినవాడు యమహా ఎక్కాడు. స్టాఫ్ రూమ్‌లో మాస్టార్లు సిలబస్ మానేసి సీడూ ఫీడూ మాట్లాడుకునేవారట. 1992లో నాన్న ఇంకో ఇద్దరితో కలిసి ఏటి అవతల రెండున్నర ఎకరాలు లీజుకి తీసుకున్నారు. అభయారణ్యం హద్దుకి బయటే, కానీ అదీ మడే. కొంత చెట్లు, కొంత చవిటి నేల. నెల రోజుల్లో చెట్లు కొట్టించి, బురద ఎత్తించి, చుట్టూ నడుమెత్తు గట్టు వేయించారు. ఒక మూల సిమెంటు తూము, దాని పక్కన డీజిల్ ఇంజను.

ఆ స్థలం మధ్యలోంచి ఒక సన్నటి బోదె వెళ్ళేది. మనిషి అంగ వేసి దాటేంత. పోటు నీళ్ళు ఏట్లోంచి ఆ బోదెలో పడి, వెనకాల ఉన్న మూడు నాలుగెకరాల మడలోకి వెళ్ళి, ఆటుకి మళ్ళీ అదే దారిన తిరిగొచ్చేవి. గట్టు వేసేటప్పుడు అది పూడిపోయింది. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించిన ఒకే ఒక్కడు మా నావ బాబాయ్. బంధువు కాదు, ఏట్లో వేటకెళ్ళే మనిషి, మమ్మల్ని ఏరు దాటించేవాడు. చిన్నప్పట్నించీ బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. గట్టు మీద నిలబడి, "మాస్టారండీ, బోదె కట్టేశారు, ఎనకాల మడకి నీళ్ళెలా ఎల్తాయండీ?" అన్నాడు. "వర్షం పడదా ఏంటయ్యా" అన్నారు నాన్న. ఈ మాట ఆయనే తర్వాత చాలాసార్లు తలుచుకున్నారు.

వర్షం పడింది. పడ్డ నీరు బయటికి పోయే దారి లేక ఆ మడలో అలాగే నిలిచిపోయింది. ఊపిరివేర్లు మునిగే ఉన్నాయి. పోటు నీళ్ళయితే ఆరు గంటల్లో తీస్తాయి, వేరు మళ్ళీ గాలి పీల్చుకుంటుంది. నిలవ నీళ్ళలో ఆ వీలు లేదు. ఎండాకాలం వచ్చేసరికి ఆ నీరంతా ఎండి, ఉప్పు కిందే మిగిలింది. నేల మీద తెల్లటి పొర, అడుగేస్తే పెళపెళమనేది. మొదట చిటారుకొమ్మలు ఎండాయి, తర్వాత ఆకులు పలచబడ్డాయి. గొడ్డలి పడలేదు, గాలి రాలేదు, నిప్పు అంటుకోలేదు. రెండేళ్ళలో చెట్లన్నీ నిలువునా ఎండిపోయాయి. సెలవులకి వచ్చినప్పుడల్లా చూసేవాణ్ణి. నాకది ఏదో తెగులు అనిపించింది కానీ, మా గట్టు వల్లేనని తట్టలేదు. రొయ్యలు బాగుంటే చాలు అన్న ధ్యాసలో ఉన్నాం అందరం.

మొదటి రెండు పంటలూ బాగానే వచ్చాయి. అమ్మకి గాజులు, ఇంటికి కలర్ టీవీ. మూడో పంటకి వైరస్ వచ్చింది. 94, 95 ప్రాంతంలో కోస్తా అంతా కొట్టిన తెల్లమచ్చ తెగులే అది. ఒకరోజు పొద్దున నాన్నతో కలిసి వెళ్ళేసరికి గట్టు పొడుగునా కాకులూ కొంగలూ బారులు తీరి కూర్చుని ఉన్నాయి. నాన్న అక్కడే ఆగిపోయారు. దగ్గరికెళ్ళి చూడక్కర్లేదని ఆయనకి తెలిసిపోయింది. అంచుల్లో రొయ్యలు తేలి ఈదలేక ఈదుతున్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. డొప్ప మీద సున్నం చిలకరించినట్టు మచ్చలు, ఇంకా మీసాలు కదుపుతోంది. వారం తిరక్కుండా చెరువు ఖాళీ. గాజులు వెళ్ళాయి, టీవీ ఉంది కానీ దాని ముందు ఎవరూ కూర్చునేవారు కాదు. మిగతా కష్టాలు ఇక్కడ రాయను, రాస్తే అమ్మ చదువుతుంది.

1996 నవంబరు 6. దీపావళి ఇంకో నాలుగు రోజులుంది. పొద్దుట్నించీ చినుకులు, సాయంత్రం నించీ గాలి. కోనసీమ తుఫాను అని ఇప్పుడు అందరూ చెప్పుకునేది ఇదే. ఆ రాత్రి పెంకులు ఎగిరి పక్కింటి గోడకి తగిలి పగులుతున్న చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. మేం మంచాల కింద దూరాం. మామ్మ ఆంజనేయ దండకం గట్టిగా చదువుతోంది, గాలి హోరులో ఒక ముక్క వినిపిస్తే నాలుగు ముక్కలు వినపడవు. తెల్లారి చూస్తే కొబ్బరిచెట్లకి తలలు లేవు. ఆ తుఫానులో వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. మా బాబాయ్ మాత్రం బతికాడు. నావని మడ లోపలి సన్న కాలవలోకి తోసి, నాలుగు వైపులా చెట్లకి తాళ్ళేసి కట్టి, తను అందులోనే పడుకున్నాడట. "పైన చెట్లు ఇరిగిపోతన్నాయి గానండీ, కింద నీళ్ళు మాత్రం గిన్నెలో నీళ్ళలాగే ఉన్నాయండీ" అని చెప్పాడు.

తర్వాత వారానికి ఏటి గట్టెక్కి చూశాను. మడ మొత్తం అగ్గి పెట్టినట్టు గోధుమరంగు. ఒక్క చెట్టుకి ఒక్క ఆకు లేదు. ఇక ఈ అడవి పని అయిపోయింది అనుకున్నాను. సంక్రాంతికి మళ్ళీ వచ్చి చూద్దును కదా, మోడులకి బెరడు చీల్చుకుని లేతాకుపచ్చ చిగుళ్ళు! కొమ్మల చివర కాదు, మొండేనికే. మనిషి ఒంటి మీద వెంట్రుకలు మొలిచినట్టు ఉంది చూడ్డానికి. తెల్లమడ, నల్లమడ బెరడు కింద నిద్రమొగ్గలు దాచుకుని ఉంటాయి, పైన తల పోతే అవి లేస్తాయి. ఇది నేను చాలా ఏళ్ళకి చదివి తెలుసుకున్నాను. ఉప్పు పొన్నకి ఆ విద్య లేదు. ముదిరిన కొమ్మ విరిగితే అక్కణ్ణించి మళ్ళీ చిగురు రాదు. అది నమ్ముకునేది పిల్లల్ని. చెట్టు మీదే మొలకెత్తి ములక్కాడల్లా వేలాడి, రాలి బురదలో గుచ్చుకునే ఆ పొడుగు మొక్కల్ని. మా కోరంగిలో తెల్లమడ, నల్లమడ, తిల్లలే ఎక్కువ, ఉప్పు పొన్న తక్కువ. అందుకే అంత తుఫానుకీ అడవి అంత తొందరగా లేచింది.

మా చెరువు వెనకాల ఉన్న మడ మాత్రం లేవలేదు. అదే గాలి, అదే రాత్రి. అవి అప్పటికే చచ్చిన చెట్లు, పుల్లల్లా విరిగి పడ్డాయి అంతే. ఏరు మధ్యలో నావలో నిలబడి అటు చూస్తే పచ్చగా, ఇటు చూస్తే శ్మశానంలా ఉండేది. నాన్న కూడా చూశారు. ఆ రోజు ఆయన ఏమీ అనలేదు.

తుఫాను చేసిన ఇంకో పని మేం ముందు గమనించలేదు. మా చెరువు గట్టుకి ఏటివైపు ఒకటీ వెనకవైపు ఒకటీ గండ్లు పడ్డాయి. సరిగ్గా పాత బోదె ఉన్నచోటే. మట్టితో కప్పిన నేల కదా, నీరు తన పాత దారి మర్చిపోలేదు. పూడ్పించడానికి మా దగ్గర డబ్బుల్లేవు, మనసూ లేదు. తర్వాతి నెలలోనే, డిసెంబరు 11న, తీరప్రాంతంలో రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నాన్న ఆ పేపరు మడిచి బీరువాలో పెట్టారు. ఎందుకు దాచారో నాకు ఇప్పటికీ తెలీదు. లీజు వదిలేశారు. ఇంజను ఎవరో కొనుక్కుపోయారు.

మరుసటి ఏడు వానాకాలం చివర బాబాయ్ నన్ను పిలిచి చూపించాడు. "బాబూ, మీ సెరువులో రొయ్యలు లేవు గానీ మడ పడింది." గండిలోంచి పోటుతో కొట్టుకొచ్చిన తెల్లమడ కాయలు. చిక్కుడుగింజ కంటే కాస్త పెద్దవి, పైన పలచటి తొక్క. నీళ్ళలో ఆ తొక్క ఊడిపోతుంది, లోపల రెండు ఆకుపచ్చ బద్దలు ఒకదాని మీద ఒకటి మడత పెట్టినట్టు ఉంటాయి. బురద తగిలితే చాలు, తెల్లటి నూగు వేర్లు దిగిపోతాయి. అవి గండికి రెండు వైపులా, పాత బోదె పొడుగునా వరసగా మొలిచి ఉన్నాయి. ఎవరో తాడు పట్టి నాటినట్టే. బోదెకి రెండు గజాల దూరంలో మొక్క లేదు. ఆ తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి నాకు మొదటిసారి బుర్రకెక్కింది, ఇన్నాళ్ళూ కొరత గింజలది కాదని. గింజలు ప్రతి ఏడూ ఏట్లో కొట్టుకొస్తూనే ఉన్నాయి. నీళ్ళు వచ్చి పోయే దారి లేక నిలవలేదు.

ఇదే విషయాన్ని తొంభైల చివర ఎమ్మెస్ స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళూ ఫారెస్టు వాళ్ళూ కలిసి మా ప్రాంతంలో పద్ధతిగా చేశారు. అంతకుముందు పాడైన మడల్లో మొక్కలు నాటడం, అవి చచ్చిపోవడం మామూలే. వీళ్ళు ముందు కాలవలు తవ్వించారు. చెట్లు పూర్తిగా కొట్టేసిన చోట నేలకి నీడ పోతుంది, ఎండకి ఆరి కుంగిపోతుంది, పళ్ళెంలా అవుతుంది. పళ్ళెంలో పోటు నీళ్ళు చేరితే తిరిగి పోలేవు, ఎండి ఉప్పవుతాయి. కాబట్టి మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు. పైనించి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటుకి నీరు అన్ని మూలలకీ వెళ్ళి, ఆటుకి ఉప్పుని కడిగి తీసుకుపోతుంది. ఆ తర్వాత ఆ కాలవల అంచున మొక్కలు. ఊళ్ళలో వన సంరక్షణ సమితులు పెట్టి ఊరివాళ్ళ చేతే తవ్వించారు. బాబాయ్ కూడా కూలికి వెళ్ళాడు. ఎలా ఉంది అని అడిగితే నవ్వి, "మనకి తుపాను ఊరికే తవ్విచ్చింది, ఈళ్ళు టేపెట్టి కొలిసి తవ్విత్తన్నారు" అన్నాడు.

అలాగని అన్నీ కాలవలతో బాగుపడే రోగాలు కావు. డెల్టా బతికేది గోదావరి తెచ్చే ఒండ్రు మీద. ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు లెక్క కట్టినదాన్ని బట్టి 1970లలో ఏటా పదిహేను కోట్ల టన్నుల దాకా వచ్చేది, 1990లకి వచ్చేసరికి ఆరు కోట్లకి లోపే. ఎగువన ఎక్కడికక్కడ డ్యాములు కట్టుకుంటూ పోతే ఇంకెక్కణ్ణించి వస్తుంది? 86 వరద తర్వాత నేను చూసినట్టు తిప్పలు తేలడం ఇప్పుడు పిల్లలు చూస్తారో లేదో. మడ తన వేర్లతో కొంత బురదని పట్టుకుంటుంది, కానీ పట్టుకోవడానికి బురద రావాలి కదా. ఉప్పాడలో సముద్రం ఇళ్ళు మింగుతున్న వీడియోలు వాట్సాప్‌లో వచ్చినప్పుడల్లా నాన్న కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూస్తారు.

ముక్కనుమ నాడు ఎనిమిదింటికి రేవుకి వెళ్ళాం. బాబాయ్ పోయి ఆరేళ్ళయింది. వాళ్ళ అబ్బాయి నావ తీశాడు, దానికిప్పుడు మోటారు. నాన్నకి ఎనభై రెండు. చేయి పట్టుకుని ఎక్కించబోతే విదిలించుకుని తనే ఎక్కారు. ఏరు దాటుతుంటే అటువైపు మడ గోడ కట్టినట్టు ఉంది. తుఫాను ఆనవాలు వెతికితే తప్ప దొరకదు. కొన్ని పాత చెట్లకి మాత్రం మనిషెత్తులో మొండెం లావుగా ఉండి, అక్కణ్ణించి నాలుగైదు కొమ్మలు ఒకేసారి పైకి లేచి ఉంటాయి. తల విరిగింది అక్కడే.

చెరువు ఆనవాలు పట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది. నాన్న నావ దిగకుండానే చేయి చూపించారు. "అదిగో తూము." తూము సిమెంటు ఉంది, దాని నిండా గుల్లలు అంటుకుని ఉన్నాయి. రెండు గోడల మధ్య ఒక తెల్లమడ, రెండు నిలువుల ఎత్తు, సిమెంటుని ఒక పక్కకి తోసేసింది. గట్టు చాలామటుకు కరిగిపోయింది. లోపలంతా చెట్లే. మండపీత బొరియలు అడుగడుక్కీ ఉన్నాయి. నాన్న తూము మీద కూర్చుని చాలాసేపు అటే చూశారు. "ఇక్కడే రా, మేత తిన్నాయో లేదో చూడ్డానికి చెక్ ట్రే దించేవాళ్ళం" అన్నారు, అంతే.

వెనక వైపు వెళ్ళాం. బోదె ఇప్పుడు కాలవంత వెడల్పయింది. దాని పొడుగునా పెద్ద చెట్లు, దూరం జరిగేకొద్దీ పొట్టివి, ఇంకా అవతలకి వెళ్తే మోకాలెత్తు కుచ్చు మొక్కలు. చివర ఈశాన్యం మూల మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. ఒక పావెకరం ఉంటుందేమో. పాత మోడులు రెండు అలాగే నిలబడి ఉన్నాయి. పోటు అక్కడిదాకా ఎక్కడం లేదు. నాన్న కర్రతో ఆ నేల మీద పొడిచారు. పెళుక్కుమంది.

"నీళ్ళు ఇక్కడిదాకా వస్తున్నాయి" అని బోదె అంచున కర్రతో గీత గీసి, ఆ మూల దాకా అడుగులేసుకుంటూ కొలిచారు. పద్నాలుగు అడుగులు. వెనక్కి తిరిగి నావ కుర్రాణ్ణి అడిగారు, "ఏమయ్యా, నావలో పార ఉందా?"

"పారెందుకండీ మాస్టారూ?"

"ఇక్కణ్ణించి అక్కడిదాకా ఒక బోదె లాగితే సరిపోద్ది."

"ఫారెస్టోళ్ళు చూత్తే కేసు రాసేత్తారండీ బాబూ!" అని వాడు నవ్వాడు.

నాన్న నవ్వలేదు. "ఈసారి వచ్చేటప్పుడు తీసుకురా" అన్నారు.